కవర్లో అందం లేని మొక్కలు

చి.ల.సౌ. మేనకోడలికి,

మావయ్య ఆశీస్సులు. మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు ఇక్కడ లారీ లోడవుతోంది, సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. "అరెకరంలో నర్సరీ పెడదామనుకుంటున్నాం మావయ్యా, అన్నీ మన నేల మొక్కలే" అన్నావు. అల్లుడు పక్కనుంచి ఇంకేదో అన్నాడు గానీ హమాలీల కేకల్లో వినబడలేదు. అందుకే రాత్రి భోంచేసి తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. దీన్ని దాచుకో. ఫోన్లో చెప్పినవి నువ్వు ఎలాగూ మర్చిపోతావు.

ముందు ఇందులో ఉన్న కష్టం చెబుతాను. మొక్క కొనేవాడు కంటితో కొంటాడు. కాగితంపూల మొక్కయినా, క్రోటన్ అయినా కవర్లో ఉండగానే రంగు చూపిస్తుంది. మన మొక్కలకి కవర్లో అందం ఉండదు. ఏడాది వయసు మోదుగని చూశావా? మూడే మూడు ఆకులు, వాటికీ పురుగు కొట్టిన చిల్లులు. ఎండాకాలం పసుపు గుత్తులు పూసే రేల, మొక్కగా అయితే పుల్లకి నాలుగు రెమ్మలు. పొగడ సంగతి చెప్పనే అక్కర్లేదు, నీ ఓపిక చూస్తుంది. పదేళ్ల తరవాత అది ఎలా ఉంటుందో కొనేవాడి కళ్లకి కట్టించగలిగితేనే ఆ కవరు గేటు దాటుతుంది. గేటుకి ఒకవైపు రేల, రెండోవైపు పారిజాతం ఈ వానాకాలమే నాటెయ్యి. పారిజాతం రెండేళ్లలోపే పూస్తుంది, తెల్లారేసరికి కింద పరిచేస్తుంది. అదే నీ బోర్డు. రేల పూతకొచ్చేదాకా మీ ఊళ్లో ఉన్న పెద్ద రేల చెట్టుని చైత్ర వైశాఖాల్లో ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకో. "ఈ కవర్లో గింజ ఈ చెట్టుదేనండి" అని చూపించు. నా దగ్గర బేరం కుదిరినవి సగం అలాగే కుదిరాయి.

ఇక మన మొక్క ఏది, బయటిది ఏది అనేది. ఇందులో నర్సరీలకి పేరుపడ్డ మా కడియం వాళ్లమే తికమకపడతాం. సీమచింత అని పేరులోనే చెబుతుంటే కూడా మనదే అనుకుంటారు. గుడి ముందుండే దేవగన్నేరు అమెరికా ఖండాల నుంచి వచ్చింది. ఎండాకాలం ఎర్రగా విరగబూసే తురాయి మడగాస్కర్‌ది. సీతాఫలం, జామ కూడా సముద్రం దాటొచ్చినవే. చింతచెట్టు పుట్టిల్లు ఆఫ్రికా అంటారు, కానీ చింతపండు లేకుండా ఒక్క పూట గడవని వాణ్ణి, దాన్ని పరాయిదనే ధైర్యం నాకు లేదు. నువ్వు జాబితా చిన్నగా పెట్టుకో. కానుగ, వేప, నేరేడు, రేల, మోదుగ, మద్ది, తాని, పొగడ, పొన్న, మారేడు, వెలగ, కుంకుడు, జమ్మి, అంకుడు. మొదటి రెండేళ్లకి ఇవి చాలు. ఏటికొప్పాక లక్కబొమ్మలు చేసేది అంకుడు కర్రతోనే అని చెబితే కొనేవాడు ఇంకో నిమిషం నిలబడతాడు.

ఒకప్పుడు టౌన్లలో రోడ్డు మధ్యన పెట్టడానికి కోనోకార్పస్ అనే బయటి మొక్క కావాలని ఎగబడ్డారు. నేనూ వేలకొద్దీ పెంచి అమ్మాను, దాచను. చాలాచోట్ల ఇప్పుడు వాటినే పీకేస్తున్నారు. పీకేసే మొక్కకీ మనకి డబ్బు ముట్టింది కదా అని మీ అత్తయ్య అంటుంది. నాకు మాత్రం ఆ రోడ్డున వెళ్లాలంటే సిగ్గుగా ఉంటుంది.

అసలు పని గింజ దగ్గర ఉంది, ఇక్కడ జాగ్రత్తగా చదువు. అంటుమొక్కల నర్సరీకి చేతినేర్పు కావాలి, మన మొక్కల నర్సరీకి పంచాంగం కావాలి. ఏ గింజ ఏ నెలలో రాలుతుంది, రాలాక ఎన్నాళ్లు బతుకుతుంది అన్నది తెలియకపోతే ఎంత ఎరువేసినా లాభం లేదు. నేను కొత్తలో వేపగింజలు రెండు బస్తాలు ఏరించి, బాగా ఎండబెట్టి, తీరిక దొరికాక వేద్దామని అటక మీద పెట్టాను. కార్తీకంలో తీసి మడి కట్టి వేశాను. నెల దాటినా ఒక్క మొలక లేదు. గింజ చితక్కొట్టి చూస్తే లోపల పప్పు గోధుమరంగుకి తిరిగి ఉంది. బతికున్న వేపపప్పు ఆకుపచ్చగా ఉంటుంది తల్లీ. రాలిన రెండు మూడు వారాల్లోపు వెయ్యాలి, గుజ్జు కడిగి నీడనే ఆరబెట్టాలి. నేరేడు అంతకంటే తొందర, పండు తిన్న వారంలోనే గింజ మట్టిలో ఉండాలి. ఒక్కో గింజకి రెండు మూడు మొలకలు లేస్తాయి, గట్టిది ఒకటి ఉంచి మిగతావి తీసెయ్యి. కరివేపాకు గింజా అంతే, ఎండిందంటే పోయినట్టే.

రేల దీనికి పూర్తిగా తలకిందులు. దాని గింజ డబ్బాలో ఏళ్లతరబడి పడుకుంటుంది, లేపకపోతే లేవదు. మూరెడు కాయ పగలగొడితే లోపల బిళ్లలు పేర్చినట్టు అరలుంటాయి, నల్లటి జిగురు గుజ్జు. ఆ కాయని రాత్రంతా నీళ్లలో వేసి పొద్దున్నే పిసికి కడిగితే గింజలు నున్నగా, గోధుమరంగులో బయటపడతాయి. గోరు దిగదు. పొయ్యి మీంచి దించిన మరుగు నీళ్లు వాటిమీద పోసి మర్నాటిదాకా వదిలెయ్యి. కొన్ని ఉబ్బి రెట్టింపవుతాయి, వాటిని వెంటనే వేసెయ్యి. ఉబ్బనివాటిని మళ్లీ వేడినీళ్లలో వెయ్యి. కొద్ది గింజలే అయితే ఇంకా సుళువు, గోళ్లు తీసుకునే కట్టర్‌తో అంచు మీద చిన్న గాటు పెట్టు. మొలక వచ్చే కన్ను వైపు కాదు, దాని ఎదుటి వైపు. మా చిన్నమనవడు టీవీ చూస్తూ ఒక సాయంత్రంలో రెండొందల గింజలకి గాట్లు పెట్టేశాడు, చాక్లెట్ కూలీ మీద.

గింజ ఒకే చెట్టు నుంచి తెచ్చుకోకు. కనీసం పదీ పదిహేను చెట్లు చూసుకో, దూరదూరంగా ఉన్నవి. చెరువు గట్టుది ఒకటి, బడి ఆవరణలోది ఒకటి, గుడి దగ్గరది ఒకటి. ఒక నోటుబుక్కులో ఏ చెట్టు ఎప్పుడు పూసింది, ఎప్పుడు కాయ రాలింది రాసుకో. మూడేళ్లు రాస్తే ఆ బుక్కు విలువ నీ షెడ్డు కంటే ఎక్కువ. అడవిలోకి మాత్రం గోనెసంచీ పట్టుకుని వెళ్లకండి. రిజర్వు ఫారెస్టులోంచి అనుమతి లేకుండా ఏం తెచ్చినా నేరమే. మీ జంగారెడ్డిగూడెం వైపు ఏజెన్సీ నుంచి సంతకొచ్చే వాళ్లుంటారు కదా, కుంకుడూ కరక్కాయా వాళ్ల దగ్గర కొనుక్కో.

మట్టి విషయంలో నా లెక్కలు నీకు పనికిరావు. మాది గోదావరి ఒండ్రు, మీది ఎర్రమెట్ట. ఎర్రమట్టి రెండు పాళ్లు, ఇసుక ఒకటి, బాగా చివికిన పశువుల ఎరువు ఒకటి కలుపు. పచ్చిపేడ కలిపావా, చెదలని పిలిచినట్టే. తొంభై కిలోల ఎరువులో పది కిలోల వేపపిండి, రెండు కిలోల ట్రైకోడెర్మా విరిడి (తెగులుని అణిచే మంచి బూజు పొడి) కలిపి, నీళ్లు చిలకరించి, నీడలో గోనె కప్పి వారం పది రోజులు మగ్గనిచ్చి వాడితే నారుకుళ్లు చాలావరకు ఉండదు. నారు పడిపోయేది ఎక్కువగా మన చేతి నీళ్లవల్లే. పైమట్టి తడిగా ఉందా లేదా వేలు పెట్టి చూడకుండా పైపు పట్టుకోనివ్వకు.

మన చెట్ల మొక్కలకి తల్లివేరే ప్రాణం. మోదుగ, మద్ది, తాని ఇవన్నీ ముందు కిందికి పోయి తరవాత పైకి వస్తాయి. పొట్టి కవర్లో వేస్తే తల్లివేరు అడుగున పాములా చుట్టుకుంటుంది. అది నాటిన మూడో ఏట గాలికి ఒరిగిపోతుంది, అప్పుడు తిట్టేది నిన్నే. పొడుగు కవర్లు తీసుకో. నెలకోసారి కవర్లు జరిపించు, లేకపోతే వేళ్లు నేలలోకి దిగిపోతాయి. ఒకసారి ఒక కాంట్రాక్టరు అయిదువేల కానుగ కావాలని నోటిమాట మీద చెప్పాడు. అడ్వాన్సు అడగడానికి మొహమాటపడ్డాను. రెండు వానాకాలాలు వచ్చిపోయాయి, ఆయన రాలేదు. చివరికి కవర్లు ఎత్తబోతే ఒక్కటీ కదల్లేదు, అన్నీ నేల పట్టేశాయి. పార తెచ్చి కోసుకోవాల్సొచ్చింది. కోసినవాటిలో సగం పైగా పోయాయి. సగం డబ్బు చేతిలో పడ్డాకే పెద్ద ఆర్డరుకి మట్టి కలుపు. చుట్టమైనా సరే, నేనైనా సరే.

ఇల్లు గడవడానికి తులసి, కరివేపాకు, మల్లె పెట్టుకో. ఇవి రోజూ పోతాయి. రేల మీద వచ్చే డబ్బు ఏడాదికోసారి కనబడుతుంది, కరెంటు బిల్లు నెలనెలా వస్తుంది. వినాయకచవితికి ఇంకో దారి ఉంది. బజార్లో అమ్మే పత్రిలో సగం ఏ ఆకో అమ్మేవాడికే తెలియదు. మారేడు, జమ్మి, మద్ది, వావిలి, రేగు, విష్ణుక్రాంతం, ఉత్తరేణి ఇలా దొరికినన్ని చిన్న కవర్లలో పేర్లు రాసి వరసగా పెట్టు. పూజకి ఆకు కోసుకుని మొక్క పెరట్లో పెట్టుకుంటారు. ఉమ్మెత్త ఇచ్చేటప్పుడు మాత్రం, పిల్లలున్న ఇల్లయితే, అది విషమని నోటితో చెప్పు. దసరాకి జమ్మి, కార్తీకంలో ఉసిరి అడుగుతారు, ఆరునెలల ముందునుంచీ చూసుకో.

ఎర్రచందనం, శ్రీగంధం కావాలని కార్లలో వస్తారు. పదిహేనేళ్లకి కోట్లు అని ఎవరో చెప్పి పంపుతారు వాళ్లని. నువ్వు ఆ మాట అనకు. ఎర్రచందనం సొంతిల్లు శేషాచలం కొండలు, అక్కడి రాళ్లలో వచ్చే చేవ ఎక్కడైనా వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. పైగా కొట్టాలంటే అటవీశాఖ అనుమతి కావాలి. శ్రీగంధమైతే పక్క మొక్క వేరు మీద ఆధారపడి బతికేది. కవర్లోనే పక్కన కంది మొక్కో పొన్నగంటి కూర కాడో లేకపోతే పాలిపోతుంది. ఇవన్నీ చెప్పాక కూడా కావాలంటే అమ్ము. వినకుండా వెళ్లిపోయినవాడు పక్క నర్సరీలో కొనుక్కుంటాడు, పోనీ.

ఉద్యానశాఖ దగ్గర రిజిస్ట్రేషన్ అల్లుణ్ణి ఈ నెలలోనే చూసుకోమను.

వచ్చే ఆదివారం పొద్దున బస్సుకి వస్తున్నాను. మా గేటు చెట్టు రేలకాయలు ఒక బస్తా కట్టించాను. మీ బోరు నీళ్లు ఒక సీసాలో పట్టి ఉంచు, ఆ నీళ్లు ఆరినచోట తెల్లగా ఉప్పు పొర కడుతోందేమో కూడా చూడు. అత్తయ్య నీకు ఆవకాయ పంపుతోంది. ఆ గోళ్ల కట్టరు మాత్రం మీ ఇంట్లోది పదునుగా ఉందో లేదో చూసుకో, మాది మనవడు పాడుచేశాడు.

ఆశీస్సులతో,
మావయ్య