తొలి డాష్‌బోర్డ్‌కి మావయ్య జీడిపప్పు సైటే చాలు

ప్రశ్న: నమస్తే సార్. మాది పలాస. శ్రీకాకుళంలో బీఎస్సీ కంప్యూటర్స్ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. డేటా ఎనలిస్ట్ అవ్వాలని ఉంది. వెబ్‌సైట్ పనితీరు అంకెల్ని గ్రాఫులుగా చూపించే ఇంటరాక్టివ్ డాష్‌బోర్డ్ ఒకటి ప్రాజెక్ట్‌గా చేద్దామనుకుంటున్నాను. మా మావయ్యకి జీడిపప్పు వ్యాపారం ఉంది, దానికి చిన్న వెబ్‌సైట్ కూడా ఉంది. అలాంటి చిన్న సైట్‌ని ఇంటర్వ్యూలో ఎవరూ పట్టించుకోరని, అందరూ వాడుకునే డేటా దొరికే కాగిల్ సైట్ నుంచి పెద్ద డేటా తీసుకుని, మైక్రోసాఫ్ట్ వాళ్ల డాష్‌బోర్డ్ టూల్ పవర్ బీఐలో చేయమని సీనియర్లు అంటున్నారు. నా ల్యాప్‌టాప్‌లో 4 జీబీ ర్యామే ఉంది. నాన్న విశాఖపట్నంలో కోచింగ్‌కి ఫీజు కడతానంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

జవాబు: మావయ్య సైట్‌తోనే మొదలుపెట్టమ్మా. కాగిల్ డేటాతో చేసిన డాష్‌బోర్డ్‌లు రెజ్యూమెల్లో కుప్పలు తెప్పలుగా వస్తుంటాయి. చూడ్డానికి అన్నీ బాగుంటాయి. ఇంటర్వ్యూ చేసేవాళ్లు ఒక గడి మీద వేలు పెట్టి "ఈ అంకె ఎక్కడి నుంచి వచ్చింది, ఇది పడిపోతే ఎవరు ఏం చేస్తారు?" అని అడిగితే చాలామంది అక్కడే ఆగిపోతారు. ఆ డేటా ఎవరిదో, దాంతో ఎవరికి ఏం పనో వాళ్లకే తెలియదు మరి. నీకు పలాసలో అడిగితే చెప్పే మనిషి ఉన్నాడు. సైట్‌కి రోజుకి ముప్ఫై మందే వచ్చినా పరవాలేదు.

ముందు ల్యాప్‌టాప్ తెరవకు. మావయ్య ఖాళీగా ఉన్న టైమ్ చూసుకుని పక్కన కూర్చో. "ఏ గ్రాఫులు కావాలి మావయ్యా" అని అడిగితే "నీకు నచ్చినవి పెట్టమ్మా" అంటాడు, పని జరగదు. సైట్ విషయంలో ఏది ఇబ్బంది పెడుతోందో అడుగు. "సూస్తన్నారు గానీ ఫోన్ సెయ్యట్లేదేటమ్మా" అనో, "ఫోన్లో తెరిస్తే అలా తిరుగుతూనే ఉంటాది" అనో ఏదో ఒకటి వస్తుంది. ఆ రెండు మాటలు చాలు. పేజీ ఫోన్‌లో ఎంత త్వరగా తెరుచుకుంటోంది, వచ్చినవాళ్లలో ఎంతమంది ఫోనో వాట్సాపో నొక్కుతున్నారు. తొలి డాష్‌బోర్డ్‌లో ఈ రెండింటికి మించి పెట్టకు.

వేగానికి గూగుల్ కోర్ వెబ్ వైటల్స్ అని మూడు కొలతలు పెట్టింది. ఎల్‌సీపీ అంటే తెర మీద కనిపించే అతి పెద్ద బొమ్మో పేరానో రావడానికి పట్టే సమయం. 2.5 సెకన్ల లోపు ఉంటే బాగున్నట్టు, 4 సెకన్లు దాటితే బాగాలేనట్టు. ఐఎన్‌పీ అంటే నొక్కిన తర్వాత తెర స్పందించడానికి పట్టే సమయం, 200 మిల్లీసెకన్ల లోపు ఉండాలి. సీఎల్‌ఎస్ అనేది పేజీ తెరుచుకునేటప్పుడు అక్షరాలు, బటన్లు ఎంత జరిగిపోతున్నాయో చెప్పే స్కోరు, 0.1 మించకూడదు. పాత వీడియోల్లో ఐఎన్‌పీ బదులు ఎఫ్‌ఐడీ అని చెబుతారు. 2024 మార్చిలో దాన్ని తీసేసి ఐఎన్‌పీ పెట్టారు. యూట్యూబ్‌లో ఏ పాఠమైనా మొదలుపెట్టే ముందు దాని తేదీ చూడు. సైట్‌కి వచ్చేవాళ్లని లెక్కపెట్టే గూగుల్ ఎనలిటిక్స్ పాత వెర్షన్, యూనివర్సల్ ఎనలిటిక్స్, 2023 జూలైలో డేటా తీసుకోవడం ఆపేసింది, దాని మీద పాఠాలు మాత్రం ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

ఇప్పుడు సైట్‌లో డబ్ల్యూ 240 గుండు పప్పు పేజీ ఉంటే దాని లింక్‌ని పేజీ వేగం కొలిచే గూగుల్ ఉచిత టూల్ పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో పెట్టు. ఎల్‌సీపీగా పేజీలో ఏ భాగాన్ని లెక్కేసిందో అది చూపిస్తుంది. ఇలాంటి సైట్లలో చాలాసార్లు అది పప్పు ఫొటోనే. ఫోన్ కెమెరాతో తీసిన 4 ఎంబీ ఫొటోని తీసినది తీసినట్టే ఎక్కించేస్తారు. తెర మీద అది అరచేయంత కూడా ఉండదు, అయినా సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్న ఫోన్‌కి ఆ 4 ఎంబీ మొత్తం దిగాల్సిందే. దాని సైజు తగ్గించి, వెబ్‌పీ ఫార్మాట్‌లోకి మార్చి 200 కేబీ లోపుకి తెచ్చి, మళ్లీ కొలువు. ముందు ఎంత, తర్వాత ఎంత, ఏ రోజు మార్చావు అని రాసిపెట్టుకో. ఇంటర్వ్యూలో డాష్‌బోర్డ్ గురించి చెప్పమన్నప్పుడు రంగుల గురించి చెప్పకుండా ఇక్కడి నుంచి మొదలుపెట్టు.

అదే పేజ్‌స్పీడ్‌లో పైన, నిజంగా సైట్ చూసినవాళ్ల అనుభవం అని ఒక భాగం ఉంటుంది. క్రోమ్‌లో చూసినవాళ్ల నుంచి గడిచిన 28 రోజులకి తీసిన లెక్క అది. నూటికి 75 సందర్శనలు ఏ అంకె లోపు ఉన్నాయో చెబుతుంది. మావయ్య సైట్‌కి అక్కడ డేటా లేదని వచ్చే అవకాశమే ఎక్కువ. తగినంతమంది రాని సైట్ల లెక్క గూగుల్ బయటపెట్టదు. కంగారుపడకు, కింద ఉండే లైట్‌హౌస్ పరీక్ష ఎంత చిన్న సైట్‌కైనా పనిచేస్తుంది. అది ఒక మధ్యరకం ఫోన్‌ని, నెమ్మదిగా నడిచే 4జీని అనుకరించి చేసే పరీక్ష. ఒకే పేజీని వెంటవెంటనే కొలిచినా అంకె మారుతుంది, కాబట్టి మూడుసార్లు కొలిచి మధ్యది తీసుకో. ఐఎన్‌పీ ఇందులో రాదు, మనిషి నిజంగా నొక్కితేనే దాని లెక్క ఉంటుంది. దాని స్థానంలో టీబీటీ, అంటే పేజీ తెరుచుకునేటప్పుడు నొక్కినా స్పందించలేనంత బిజీగా ఎంతసేపు ఉందో చెప్పే కొలత, కనిపిస్తుంది. నీ డాష్‌బోర్డ్ మీద ఆ గ్రాఫ్ కింద "ఇవి పరీక్ష కొలతలు, వినియోగదారులవి కావు" అని చిన్న అక్షరాల్లో రాయి. పని తెలిసినవాళ్ల కన్ను ముందు ఆ లైన్ మీదే పడుతుంది.

ఈ కొలతలు దాచుకోవడానికి గూగుల్ షీట్ సరిపోతుంది. తేదీ, పేజీ, ఫోనా డెస్క్‌టాపా, ఎల్‌సీపీ, సీఎల్‌ఎస్, టీబీటీ, చివర్న "ఏం మార్చాం" అని ఒక కాలమ్. ఐదు పేజీలు ఎంచుకుని మొదటి వారం చేత్తోనే నింపు. విసుగ్గానే ఉంటుంది, కానీ ఏ అంకె ఎందుకు ఎగిరిందో అప్పుడే తెలుస్తుంది. తర్వాత గూగుల్ షీట్‌కి కోడ్ రాసుకునే ఆప్స్ స్క్రిప్ట్‌లో చిన్న కోడ్ రాసి, కోడ్‌కి నేరుగా అంకెలిచ్చే పేజ్‌స్పీడ్ ఏపీఐ నుంచి రోజూ తెల్లవారుజామున షీట్ దానంతటదే నిండేలా పెట్టుకోవచ్చు. బీఎస్సీ కంప్యూటర్స్ చదివినదానివి, నీకు అదేమంత కష్టం కాదు.

ఎంతమంది ఫోనో వాట్సాపో నొక్కుతున్నారనే రెండో ప్రశ్నకి జీఏ4, అంటే గూగుల్ ఎనలిటిక్స్ ఇప్పటి వెర్షన్, కావాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది. అందులో ఎన్‌హాన్స్‌డ్ మెజర్‌మెంట్ అనే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే వాట్సాప్ లింక్ నొక్కడాన్ని జీఏ4 బయటి సైట్‌కి వెళ్లిన క్లిక్‌గా లెక్కేస్తుంది. ఫోన్ నంబర్ మీద నొక్కితే లెక్కెయ్యదు, దానికి గూగుల్ ట్యాగ్ మేనేజర్ అనే టూల్‌లో, ఆ నొక్కుని పట్టుకునే ట్రిగ్గర్ విడిగా పెట్టాలి. అది పెట్టకుండా "ఈ రోజు కాల్స్ సున్నా" అని చూపించావనుకో, పొద్దున తను ఎత్తిన నాలుగు కాల్స్ మావయ్యకి గుర్తుంటాయి. ఇక నీ డాష్‌బోర్డ్ మళ్లీ తెరవడు.

జీఏ4 ప్రాపర్టీలో టైమ్ జోన్ ఇండియాకి ఉందో లేదో కూడా చూసుకో. గూగుల్ సెర్చ్‌లో సైట్ ఎలా కనిపిస్తోందో చూపే సెర్చ్ కన్సోల్ రోజువారీ లెక్క మాత్రం అమెరికా పసిఫిక్ టైమ్ ప్రకారం నడుస్తుంది. ఆదివారం పొద్దున ఇక్కడ గూగుల్‌లో వెతికి సైట్‌కి వచ్చినవాళ్లు అక్కడ శనివారం లెక్కలో పడతారు. పైగా అందులో ఉండేవి క్లిక్కులు, జీఏ4లో ఉండేవి సెషన్లు, అంటే సైట్‌కి వచ్చిన సందర్శనలు. రెండూ ఎందుకు కలవట్లేదని రాత్రంతా జుట్టు పీక్కునేవాళ్లున్నారు. అవి కలవవు. ఒకే గ్రాఫ్‌లో పెట్టకు, అంతే.

టూల్ సంగతి. పవర్ బీఐ డెస్క్‌టాప్ ఉచితమే, కానీ విండోస్‌లోనే నడుస్తుంది, 4 జీబీ ర్యామ్‌లో మొరాయిస్తుంది. చేసినదాన్ని ఆన్‌లైన్‌లో పెట్టడానికి మామూలు జీమెయిల్‌తో ఖాతా ఇవ్వరు, కాలేజీదో ఆఫీసుదో మెయిల్ కావాలి. గూగుల్ వాళ్ల డాష్‌బోర్డ్ టూల్ లుకర్ స్టూడియో బ్రౌజర్‌లోనే నడుస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, షీట్‌కీ జీఏ4కీ సెర్చ్ కన్సోల్‌కీ నేరుగా కలుస్తుంది. 2022 అక్టోబర్ దాకా దీన్ని డేటా స్టూడియో అనేవారు, పాత వీడియోల్లో ఆ పేరే వినిపిస్తుంది. తొలి ప్రాజెక్ట్‌కి ఇదే తీసుకో. పవర్ బీఐ తర్వాత ఎలాగూ నేర్చుకోవాల్సిందే, ఉద్యోగ ప్రకటనల్లో దాని పేరే ఎక్కువ కనిపిస్తుంది.

మావయ్య దీన్ని వాట్సాప్‌లో నువ్వు పంపిన లింక్ నొక్కి ఫోన్‌లో చూస్తాడు. కాబట్టి పేజీని నిలువుగా పెట్టు. శీర్షికలు తెలుగులో, ఆయన అడిగిన ప్రశ్నల్లాగే రాయి: "ఈ వారం ఫోన్‌లో పేజీలు త్వరగా తెరుచుకున్నాయా?" దాని కింద పెద్ద అంకె, పక్కన గత వారంతో తేడా. పైన రెండే కంట్రోల్స్ చాలు, తేదీలు ఒకటి, ఫోన్–డెస్క్‌టాప్ ఒకటి. ఇంటరాక్టివ్ అన్నారు కదా అని పది డ్రాప్‌డౌన్లు పెట్టేవాళ్లని చూస్తుంటాను. ఫోన్ అని ఎంచుకోగానే ఎంక్వైరీల శాతం సగానికి పడిపోయిందనుకో, అప్పుడు ఆ ఫిల్టర్ వల్ల ఒక సంగతి తెలిసినట్టు. ఏమీ తెలియనివ్వని ఫిల్టర్‌ని తీసెయ్. ఇంకో చిక్కు కూడా ఉంది. లుకర్ స్టూడియోలో ఒక డేటా సోర్స్ మీద పెట్టిన ఫిల్టర్‌కి మామూలుగా ఆ సోర్స్ చార్టులే కదులుతాయి. జీఏ4 మీద పెట్టిన ఫోన్ ఫిల్టర్‌కి నీ షీట్‌లోని ఎల్‌సీపీ గ్రాఫ్ మారదు, చూసేవాళ్లు మాత్రం మారిందనే అనుకుంటారు. పేజీని రెండు భాగాలు చేసి దేని ఫిల్టర్ దానికి పెట్టు.

శాతాల దగ్గర చాలామంది దెబ్బతింటారు. సోమవారం 10 మంది వచ్చి ఇద్దరు ఫోన్ నొక్కారు, 20 శాతం. ఆదివారం 190 మంది వచ్చి 8 మంది నొక్కారు, సుమారు 4.2 శాతం. ఈ రెండు శాతాలకి సగటు తీస్తే సుమారు 12 వస్తుంది. అసలు లెక్క 200 మందికి 10, అంటే 5 శాతం. రోజువారీ శాతాలని సగటు చేయకుండా మొత్తాన్ని మొత్తంతో భాగించే ఫార్ములాని కాలిక్యులేటెడ్ ఫీల్డ్‌గా రాసుకో. ఇంటర్వ్యూలో దీన్ని ఉదాహరణతో చెప్పగలిగితే ఎదుటివాళ్లకి నీ మీద నమ్మకం కుదురుతుంది.

జీడిపప్పుకి పండగ సీజన్ ఉంటుంది కదా. నిరుడు ఇదే తేదీలతో పోల్చే బటన్ ఒకటి ఇలాంటి టూల్స్‌లో ఉంటుంది, దాన్ని గుడ్డిగా నమ్మకు. దీపావళి 2024లో అక్టోబర్ 31న వచ్చింది, 2025లో అక్టోబర్ 20న వచ్చింది. అక్టోబర్ ఆఖరి వారాన్ని ఆఖరి వారంతో పోలిస్తే వ్యాపారం కుప్పకూలినట్టు కనిపిస్తుంది, పండగ ముందుకి జరిగిందంతే. సంక్రాంతికి ఈ బాధ తక్కువ. షీట్‌లో పండగ తేదీల కాలమ్ పెట్టుకుని, పండగకి ముందు రెండు వారాలని అలాంటి రెండు వారాలతోనే పోల్చు. దీనికి పాత డేటా ఉండాలి. సెర్చ్ కన్సోల్ 16 నెలల వరకే చూపిస్తుంది. జీఏ4లో మనమే తయారుచేసుకునే ఎక్స్‌ప్లొరేషన్స్ అనే రిపోర్టులకి డేటా నిల్వ మామూలుగా 2 నెలలే ఉంటుంది, సెట్టింగ్స్‌లో 14 నెలలకి మార్చుకోవచ్చు. ఇవాళే మార్చించు, పోయిన డేటా తర్వాత రమ్మన్నా రాదు.

ఇక నాన్నగారి మాట. కోచింగ్ ఫీజు ఇప్పుడే వద్దని చెప్పు. గూగుల్ స్కిల్‌షాప్‌లో ఎనలిటిక్స్ కోర్సు, మైక్రోసాఫ్ట్ లెర్న్‌లో పవర్ బీఐ పాఠాలు ఉచితంగానే ఉన్నాయి. ఆ డబ్బులో కొంత పెట్టి ర్యామ్ 8 జీబీకి పెంచించుకో. సన్నటి మోడళ్లలో కొన్నిటికి ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, కొనేముందు షాపులో అడుగు. ఈ ప్రాజెక్ట్ పూర్తయ్యాక కూడా, డేటాబేస్‌ల నుంచి డేటా తీసే భాష ఎస్‌క్యూఎల్ సొంతంగా పట్టుబడకపోతే అప్పుడు ఒక్క ఎస్‌క్యూఎల్‌కే చేరు. "డేటా సైన్స్, ఏఐ, ఫుల్ స్టాక్ అన్నీ ఆరు నెలల్లో" అనే బోర్డుల జోలికి వెళ్లకు. అప్లై చేసేటప్పుడు డేటా ఎనలిస్ట్ అనే పేరు కోసమే చూడకు. కంపెనీ రోజువారీ రిపోర్టులు తయారుచేసే ఎంఐఎస్ ఎగ్జిక్యూటివ్, రిపోర్టింగ్ ఎనలిస్ట్, డిజిటల్ మార్కెటింగ్ టీమ్‌లో ఎనలిటిక్స్ చూసే పోస్టు, ఇవన్నీ నువ్వు ఇప్పుడు చేయబోయే పనికి దగ్గరివే. ఎక్సెల్‌లో పెద్ద పట్టికని చిన్న లెక్కగా కుదించే పివట్ టేబుల్ మీద చేయి తిరగాలి, అది అడగని చోటు ఉండదు.

మావయ్య దగ్గర పాస్‌వర్డ్ తీసుకోకు. జీఏ4లో నీ మెయిల్‌కి వ్యూయర్ హక్కు ఇప్పించుకుంటే చూడ్డానికి చాలు, సెట్టింగ్స్ మార్పులు ఆయన చేతే చేయించు. ఆర్డర్ల షీట్‌లో కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్లు ఉంటే డాష్‌బోర్డ్‌కి కలిపే షీట్‌లో ఆ కాలమ్స్ అసలు ఉండకూడదు. రెజ్యూమెలో లింక్ ఇచ్చేటప్పుడు కూడా జాగ్రత్త. లుకర్ స్టూడియోలో డేటా సోర్స్ నీ ఖాతా హక్కుతో నడుస్తుంటే, లింక్ ఉన్న ప్రతివాళ్లకీ మావయ్య వ్యాపారం లెక్క కనిపిస్తుంది. దానికి ఒక కాపీ తీసి, గూగుల్ అందరికీ ఇచ్చే మర్చండైజ్ స్టోర్ డెమో ఖాతాకి కలుపు. అసలుది ఇంటర్వ్యూలో నీ ల్యాప్‌టాప్‌లోనే తెరిచి చూపించు, అదీ మావయ్య సరేనన్నాకే.