రోజూ గోలీ వేసుకున్నా తలనొప్పి ఎందుకు ఆగట్లేదు?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు, మాది హనుమకొండ. ఎనుమాముల మార్కెట్లో ఒక అడ్తి దుకాణంలో లెక్కలు రాస్తాను. మొదట్లో నెలకు మూణ్నాలుగు సార్లు తలకు ఒకపక్క నొప్పి, వాంతులు వచ్చేవి. ఇప్పుడు దాదాపు రోజూ వస్తోంది. మెడికల్ షాపులో ఇచ్చిన గోలీ వేసుకుంటే సాయంత్రం దాకా ఆగి మళ్లీ మొదలవుతుంది. స్కానింగ్ తీయించాలా?

జవాబు: స్కానింగ్ సంగతి తర్వాత చూద్దాం అమ్మా, ముందు నెలలో ఎన్ని రోజులు గోలీ మింగుతున్నారో లెక్క వేయండి. మొదట్లో మీకు వచ్చింది మైగ్రేన్‌లాగే ఉంది. సైనస్ అనో సైట్ అనో అనుకుని కళ్లద్దాలు మార్పించుకునేవాళ్లే ఎక్కువ గానీ, ఒకపక్క పోట్లు, వాంతులు, వెలుతురు చప్పుడు పడకపోవడం దీని లక్షణాలు. మగవాళ్లకంటే ఆడవాళ్లలో సుమారు మూడు రెట్లు ఎక్కువ, ఇంట్లో అమ్మకో మేనత్తకో కూడా ఉండొచ్చు. తిండి వేళ తప్పినా, నిద్ర తగ్గినా, నెలసరి దగ్గరపడినా వస్తుంది, ఘాటు వాసనలకూ వస్తుంది, మిర్చి సీజన్‌లో మార్కెట్ ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఒక్కపొద్దు పేరుతో మధ్యాహ్నం దాకా ఉత్త చాయ్ మీద ఉంటే మాత్రం మానేయండి.

మరి నెలకు నాలుగు సార్లు వచ్చేది రోజూ ఎందుకైంది? నాకు అనుమానం గోలీల మీదే. నొప్పి గోలీయే నొప్పి తెస్తుందంటే ఎవరూ నమ్మరు, క్లినిక్‌లో రోజూ ఇదే వాదన, కానీ పారాసిటమాల్ లాంటివి నెలకు 15 రోజులు, రెండు మూడు మందులు కలిపిన గోలీలైతే 10 రోజులే, అలా మూడు నెలలు దాటి వాడితే మైగ్రేన్ ఉన్నవాళ్లకు మందు ప్రభావం దిగగానే నొప్పి తిరిగొచ్చే పరిస్థితి ఏర్పడుతుంది. ఆ గోలీ మానితే మొదటి వారం, పది రోజులు ఇంకా ఎక్కువగా బాధిస్తుంది, అక్కడే చాలామంది ఓడిపోయి మళ్లీ షాపుకు వెళ్తారు. అందుకే సొంతంగా కాకుండా డాక్టర్ దగ్గర మానండి, వరంగల్ ఎంజీఎం సర్కారు దవాఖానా మెడిసిన్ ఓపీలో చూపించుకున్నా సరిపోతుంది. నొప్పి రాకుండా ఆపే మందులు వేరే ఉన్నాయి, కొన్ని నెలలు వాడాలి. ఉబ్బసం ఉన్నా, గర్భం ఆలోచన ఉన్నా ముందే చెప్పండి, వాటిలో కొన్ని పడవు. వెళ్లేటప్పుడు గోలీ అట్ట, నొప్పి వచ్చిన రోజులకు గీత పెట్టిన క్యాలెండర్ తీసుకెళ్లండి, బీపీ కూడా చూపించుకోండి.

డాక్టర్ పరీక్షలో తేడా ఏమీ కనిపించకపోతే స్కానింగ్ అక్కర్లేదు. కానీ ఉన్నట్టుండి ఎన్నడూ లేనంత నొప్పి వచ్చినా, జ్వరంతో మెడ పట్టేసినా, కాలో చెయ్యో పడిపోయినా, మాట తడబడినా అదే గంటలో పెద్దాసుపత్రికి వెళ్లాలి, తెల్లారేదాకా ఆగొద్దు.