ప్యాకేజీకి డబ్బు కట్టే ముందు

చిరంజీవి మేనల్లుడికి,

ఆశీస్సులు. నువ్వు వాట్సాప్‌లో పంపిన జుట్టు క్లినిక్ కాగితం చూశాను. పీఆర్పీ (నీ రక్తంలోంచే ప్లేట్‌లెట్లు ఎక్కువున్న నీరు తీసి తలలోకి ఎక్కించడం), దానిలాంటిదే జీఎఫ్‌సీ, మైక్రోనీడ్లింగ్ (సన్నటి సూదులతో తల చర్మాన్ని గుచ్చడం), లేజర్, మీసోథెరపీ (తల చర్మంలోకి మందు సూదులు) అన్నీ కలిపి ఎనిమిది సిట్టింగులు, డబ్బు మాత్రం ముందే కట్టాలట. అందులో ఒక్కటి లేదు, ఇంట్లో రోజూ వాడే మందు. అది లేకుండా మిగతావన్నీ చేయించుకుంటే చిల్లికుండలో నీళ్లు పోసినట్టే.

నీది మీ నాన్న వైపు నుంచి వచ్చిన బట్టతల. డీహెచ్‌టీ అనే హార్మోను నుదుటి పైనా నడినెత్తినా ఉన్న కుదుళ్లను ఏటికేడాది చిన్నవి చేస్తూ పోతుంది. సూదులూ పీఆర్పీ కుదుళ్లను ఉసిగొల్పుతాయి గానీ, ఆ హార్మోను జోలికి పోవు. దాన్ని తగ్గించేది రోజుకు 1 మిల్లీగ్రాము ఫినాస్టెరైడ్ మాత్ర. మగవాళ్ల బట్టతలకు అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీన్ని 1997లో అనుమతించింది. దీనికి తోడు 5 శాతం మినాక్సిడిల్, ఆరిన తలకు 1 మి.లీ. చొప్పున రెండు పూటలా. ఫినాస్టెరైడ్‌తో కొద్దిమందికి కోరిక తగ్గుతుంది, అంగస్తంభన సరిగా ఉండదు, మనసు దిగులుగా ఉంటుంది. డాక్టరు దగ్గర మొహమాటపడకుండా ఇవన్నీ అడిగాకే మొదలుపెట్టు. అది వాడినన్నాళ్లూ, మానేశాక ఇంకో నెలా రక్తదానం చెయ్యకు.

మినాక్సిడిల్ మొదలెట్టిన మొదటి రెండు నెలల్లో జుట్టు ఇంకా ఎక్కువ రాలొచ్చు. భయపడి మందు మానేసేదీ, ప్యాకేజీకి ఒప్పుకునేదీ సరిగ్గా అప్పుడే. ఆ రాలేది పాత వెంట్రుక. కింద కొత్తది మొలుస్తుంటే పైది తప్పుకుంటుంది.

ఈ మధ్య నీకు డెంగీ గానీ టైఫాయిడ్ గానీ వచ్చిందా? జ్వరం తగ్గిన రెండు మూడు నెలలకు తలంతటా జుట్టు ఊడొచ్చు, చాలావరకు ఆరు నెలల్లో దానంతట అదే సర్దుకుంటుంది. ఈలోపు పీఆర్పీ చేయించుకుంటే పేరు పీఆర్పీకి పోతుంది. అందుకే ముందు సీబీసీ (రక్తకణాల లెక్క), ఫెరిటిన్ (ఇనుము నిల్వ), టీఎస్‌హెచ్ (థైరాయిడ్), విటమిన్ డి చూపించుకో. ప్లేట్‌లెట్లు లక్షకు తక్కువుంటే పీఆర్పీ వద్దు. తలలో కురుపులో ఫంగసో ఉంటే సూది అసలే వద్దు.

ఇక కలపడం సంగతి. మందులు మూడు నాలుగు నెలలు నడిచాక, రాలడం నిలకడకొచ్చాక, క్లినిక్ పని ఒక్కొక్కటిగా చేర్చు. అన్నీ ఒకేసారి మొదలెడితే ఏది పనిచేసిందో, ఏది పడలేదో తేలదు.

నన్నడిగితే మొదట చేర్చాల్సింది మైక్రోనీడ్లింగ్. 2013లో ప్రచురించిన ముంబై అధ్యయనంలో 100 మంది మగవాళ్లను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు మినాక్సిడిల్ ఒక్కటే, రెండో జట్టుకు దాంతోపాటు వారానికోసారి 1.5 మి.మీ. సూదుల రోలరు. 12 వారాలకు గుర్తుపెట్టి లెక్కించిన చోట మొదటి జట్టుకు సగటున 22, రెండో జట్టుకు 91 వెంట్రుకలు పెరిగాయి. రోలరు కంటే సూదుల పెన్ను మేలు, జుట్టు చుట్టుకుని తెగదు. సూదులుండే కార్ట్రిడ్జ్ సీలు నీ ముందే విప్పాలి. చర్మం ఎర్రబడి, సూదిమొన అంత రక్తపు చుక్కలు కనపడితే చాలు, కారేదాకా గుచ్చకూడదు. ఆ తర్వాత 24 గంటలు మినాక్సిడిల్ రాయకు. ఆ రంధ్రాల గుండా మందు నేరుగా రక్తంలోకి పోతే గుండె దడ, కళ్లు తిరగడం వస్తాయి, తలకూడా మండుతుంది.

పీఆర్పీ రెండోది. నెలకొకటి చొప్పున మూడు, తర్వాత అవసరాన్ని బట్టి మూడు నుంచి ఆరు నెలలకొకటి. సూదులూ ఇదీ ఒకే రోజు పెట్టుకోవచ్చు, ఒక్కసారి మత్తుతో రెండూ అయిపోతాయి. కానీ అప్పుడు నీడ్లింగ్ కూడా నెలకొకసారే.

రక్తం తీసేటప్పుడు ట్యూబు చూడు. మూత లేత నీలం గానీ పసుపు గానీ ఉంటుంది. సీబీసీకి తీసే ఊదా మూత ట్యూబైతే ఆపమను, రక్తం గడ్డకట్టకుండా అందులో వేసే ఈడీటీఏ అనే రసాయనం ప్లేట్‌లెట్లను పాడుచేస్తుంది. ట్యూబు మీద నీ పేరు రాసుండాలి. ఇది చాదస్తం కాదు, పక్కవాడి రక్తం నీ తలలోకి ఎక్కకుండా. సెంట్రిఫ్యూజ్ అనే గిర్రున తిప్పే యంత్రంలో తిప్పి తీశాక అడుగున ఎర్రకణాలు, పైన లేత బంగారు రంగు నీరు, రెంటి మధ్య దారమంత తెల్లపొర ఉంటాయి. ప్లేట్‌లెట్లు ఎక్కువుండేది ఆ తెల్లపొరకు ఆనుకుని ఉన్న నీటిలో. తొందరలో పైపైన ఉన్నది లాగేస్తే నీకు పడేది దాదాపు ఉత్త ప్లాస్మా. మరీ ఎర్రగా వస్తే ఎర్రకణాలు కలిశాయని, నొప్పీ వాపూ ఎక్కువవుతాయి. 15, 20 మి.లీ. రక్తం నుంచి మూడు నాలుగు మి.లీ. వస్తుంది. సెంటీమీటరుకొక చోట 0.1 మి.లీ. చొప్పున ఎక్కించాలి.

జీఎఫ్‌సీ కూడా నీ ప్లేట్‌లెట్ల నుంచే తీస్తారు. రెండింటికీ డబ్బు కట్టడం దండగ. లేజర్‌ వారానికి మూడుసార్లైనా పడాలి, నెలకొకసారి క్లినిక్‌లో పెడితే ఏం లాభం? మీసోథెరపీలో ఏ మందు కలుపుతున్నారో పేరు రాసివ్వమను. రాసివ్వకపోతే వద్దు.

పీఆర్పీకి వారం ముందు నుంచి ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి వేసుకోకు, ప్లేట్‌లెట్ల పనిని అవి అడ్డుకుంటాయి. తర్వాత నొప్పొస్తే పారాసిటమాల్ చాలు. రక్తం పలచబడే మందు ఇంట్లో ఎవరైనా వాడుతుంటే మాత్రం ఆ మందు రాసిన డాక్టరునడక్కుండా ఆపకండి. ఆ రోజు ఖాళీ కడుపుతో వెళ్లకు. మర్నాటి దాకా తలస్నానం, రెండు రోజులు జిమ్మూ ఈతా వద్దు. నుదురు కాస్త ఉబ్బినా రెండు మూడు రోజుల్లో దిగిపోతుంది.

తిరుపతిలో గుండు గీయిస్తే ఒత్తుగా వస్తుందని మీ అమ్మ అంటుంది. మొక్కుంటే వెళ్లు, వెంట్రుక మందం మాత్రం చర్మం కింద కుదురే తేలుస్తుంది. గీతలు మానేదాకా రెండు వారాలు సూది వాయిదా వెయ్యి.

ఇవాళే ఫొటోలు తియ్యి. తల ఆరాక, అదే దీపం కింద, అదే దూరం నుంచి, ముందు, నడినెత్తి, రెండు పక్కలు. మూడు నెలలకొకసారి అవే నాలుగు. ఆరు నెలలకు తేడా లేకపోతే క్లినిక్ పని ఆపేసి మందులు మాత్రం కొనసాగించు. సీబీసీ రిపోర్టు రాగానే నాకు పంపు, అప్పటిదాకా అడ్వాన్స్ కట్టకు.

మీ అత్త