బాపు కొలతల పుస్తకాలు

ప్రశ్న: మా బాపు జగిత్యాలలో 34 ఏళ్లు దర్జీ పని చేశారు. నిరుడు సద్దుల బతుకమ్మకు నాలుగు రోజుల ముందు, దుకాణంలో మిషను ముందు కూర్చున్నవారు కూర్చున్నట్టే గుండెపోటుతో పోయారు. ఆయనకు 58 ఏళ్లు; జ్వరానికి తప్ప ఆసుపత్రి మెట్లు ఎక్కిన మనిషి కాదు. ముందు రోజు సాయంత్రం ఫోన్ చేసి, నా జాకెట్టు చేతులు ఎంత పొడవు పెట్టమంటావని అడిగితే, ఆఫీసు పనిలో ఉండి "నీ ఇష్టం బాపూ" అని పెట్టేశాను. సంవత్సరీకానికి ఆయన జీవితం మీద ఒక చిన్న పుస్తకం వేయించి, చుట్టాలకూ దుకాణానికి వచ్చేవారికీ ఇవ్వాలని ఉంది. కానీ రాయడానికి కూర్చుంటే ఆ ఒక్క రోజు తప్ప మరేదీ గుర్తుకు రావడం లేదు. పొలం గట్టు తగాదాతో చిన్నాయనకూ ఆయనకూ 12 ఏళ్లు మాటలు లేవు. చిన్నాయనను కూడా నాలుగు మాటలు రాయమని అడుగుదామంటే తమ్ముడు ససేమిరా అంటున్నాడు. బాపు కొలతల పుస్తకాలు 14 ఉన్నాయి, వాటిని పాత పేపర్లవాడికి వేసేద్దామంటున్నాడు. ఒక పేజీ ఫొటో పంపుతున్నాను. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ముందుగా ఆ 14 పుస్తకాలనూ బీరువాలో పెట్టి తాళం వేయండి. మిగిలిన సంగతులు ఆ తరువాత.

మీరు పంపిన పేజీని ఫోన్‌లో పెద్దది చేసుకుని రెండుసార్లు చదివాను. ఎడమ అంచున గుండుసూదితో గుచ్చిన గుడ్డ ముక్కలు, వాటి పక్కన పేర్లకు బదులు "బ్యాంకు సారు", "టీ హోటలు పెద్దాయన" అన్న గుర్తులు, ఆ కింద పొడవు 28, భుజం 17½, ఛాతీ 40 అంటూ అంకెలు ఉన్నాయి. ఇంతవరకూ ఏ దర్జీ పుస్తకమైనా ఇలాగే ఉంటుంది. కానీ బ్యాంకు సారు కొలతల చివర మీ బాపు "ఎడమ భుజం పావు దిగుడు" అని రాసుకున్నారు. టీ హోటలు పెద్దాయన దగ్గర "కాజాలు పెద్దవి, వేళ్లు వణుకుతాయి" అని రాసుకున్నారు. ఆ పెద్దాయన తన వేళ్లు వణుకుతున్నాయని దర్జీతో చెప్పి ఉంటాడని నేను అనుకోను. గుండీలు పెట్టుకోవడానికి పడుతున్న తంటాలను మీ బాపు చూసి, ఏమీ అనకుండా కాజా కొంచెం పెద్దది చేసి ఇచ్చి ఉంటారు. మీరు రాయలేకపోతున్న పుస్తకంలో మొదటి పేజీ ఇదే. రాసింది కూడా ఆయనే.

ఆ ఒక్క రోజే ఎందుకు గుర్తుకు వస్తోందని మీరు నేరుగా అడగలేదు గానీ, మీ ఉత్తరమంతా అదే అడుగుతోంది. జబ్బుపడి నాలుగు నెలలు మంచంలో ఉన్నవారి దగ్గర ఇంటివాళ్లు వంతులవారీగా కూర్చుంటారు, పాత సంగతులు తవ్వుకుంటారు, అప్పుల లెక్కలు చెప్పుకుంటారు, అంటే తెలియకుండానే ఆ మనిషి కథను ఒకసారి మొదటి నుంచి చెప్పుకుంటారు. ఉన్నట్టుండి పోయినవారి విషయంలో ఆ పని మొదలే కాదు. అందరూ "ఎట్లా జరిగింది?" అనే అడుగుతారు కాబట్టి, పదకొండో రోజు వచ్చేసరికి ఇంటిల్లిపాదికీ కంఠస్థమయ్యేది ఆ ఒక్క పూట కథే.

మన ఊళ్ల పొలిమేరల్లో వీరగల్లులు, అంటే పోరులో పోయిన వీరుల గుర్తుగా నిలిపిన చెక్కడపు రాళ్లు, చూసే ఉంటారు. అడుగు అరలో కత్తి పట్టి పోరాడుతున్న వీరుడు, పై అరలో ఆయనను తీసుకుపోతున్న అప్సరసలు, ఆ పైన శివలింగం, సూర్యచంద్రులు కనిపిస్తారు. అక్కడ చావునే చెక్కారు, ఎందుకంటే ఊరి కోసమో పశువుల మంద కోసమో తెలిసి ఎదురు వెళ్లిన ఆ చావు ఆయన చేసిన పని. గుండెపోటు మీ బాపు చేసిన పని కాదు. అందుకే ఆ రోజుకు పుస్తకంలో రెండు వాక్యాలకు మించి చోటు ఇవ్వకండి. తేదీ, స్థలం చెబితే చాలు.

ఇతరుల జ్ఞాపకాలు సేకరించేటప్పుడు "మా బాపు ఎలాంటివారు?" అని మాత్రం అడగకండి. "చాలా మంచి మనిషి" అన్న జవాబు తప్ప మరేదీ రాదు, దానితో అర పేజీ కూడా నిండదు. మా అన్నయ్య రోడ్డు ప్రమాదంలో పోయినప్పుడు మేము అచ్చు వేయించిన కార్డు ఇప్పటికీ నా దగ్గర ఉంది. ప్రెస్సువాళ్ల దగ్గర సిద్ధంగా ఉన్న పద్యం ఒకటి, "నీ ఆశయాలను కొనసాగిస్తాం" అన్న వాక్యం ఒకటి. పేరు మార్చితే అది ఎవరికైనా సరిపోతుంది. అన్నయ్యకు ఉన్న ఆశయం ఎండాకాలంలో మధ్యాహ్నం తనను ఎవరూ నిద్ర లేపకూడదన్నది ఒక్కటే. ఆ సంగతి కార్డులో లేదు. కాబట్టి చిన్న చిన్న సంగతులు అడగండి: కుట్టింది బాగాలేదని తిప్పి పంపితే ఏమనేవారు, పండుగకు బట్టలు అందవని తెలిసినప్పుడు ఎలా తప్పించుకునేవారు, ఎవరి దగ్గర కుట్టు కూలి తీసుకునేవారు కాదు, కత్తెర ఎవరైనా ముట్టుకుంటే ఎంత కోపం వచ్చేది. ఆ కోపాన్నీ రాయండి. కోపం తీసేసిన మనిషిని మీ చుట్టాలు గుర్తుపట్టరు.

చిన్నాయన విషయంలో నేను మీ పక్షమే. మీ తమ్ముడి బాధ అర్థం చేసుకోదగినదే. పన్నెండేళ్లు గడప తొక్కని మనిషి పోయాక వచ్చి ప్రేమ ఒలకబోస్తే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. కానీ మీ బాపు పదేళ్ల పిల్లవాడిగా ఎలా ఉండేవారో, మొదటి మిషను డబ్బులు ఎక్కడి నుంచి వచ్చాయో మీకూ తెలియదు, మీ అమ్మగారికీ పెళ్లి తరువాతి సంగతులే తెలుసు. మేనత్తలు ఉంటే వారికి కొంత తెలుస్తుంది, మిగిలినదంతా చిన్నాయన దగ్గరే ఉంది. తగాదా జోలికి పోకుండా, చిన్నప్పటి సంగతులు మాత్రమే చెప్పమని అడగండి. వెళ్లే ముందు అమ్మగారితో ఒక మాట చెప్పండి, ఆమె వద్దంటే ఆగిపోండి. పుస్తకంలో తగాదాను దాచవద్దు, విప్పనూ వద్దు. "తరువాత అన్నదమ్ముల మధ్య మాటలు లేకుండా పోయాయి" అన్న ఒక్క వాక్యం చాలు.

ఇక తేదీల సంగతి. మధ్యలో అధికమాసం రాని ఏడాదిలో తిథి ఇంగ్లిష్ తేదీకి సుమారు 11 రోజులు ముందే వస్తుంది. ఈసారి అధికమాసం లేకపోతే అదే మీకు కలిసి వస్తుంది. బతుకమ్మకు పుట్టింటికి వచ్చిన ఆడపడుచులందరూ ఉండగా తిథి నాడు సంవత్సరీకం జరిపించి, రాసినంతవరకు వారికి చదివి వినిపించండి. తప్పులు దిద్దుతారు, ఒకరి మాట మీద ఇంకొకరు కొత్త సంగతులు చెబుతారు. అచ్చయిన పుస్తకాన్ని దసరా దాటాక, ఆయన పోయిన ఇంగ్లిష్ తేదీన పంచండి. మధ్యలో పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు 4 చొప్పునే పెరుగుతాయి, 32 పేజీలు మీకు సరిపోతాయి. అందులో నాలుగైదు కొలతల పుస్తకాల పేజీల ఫొటోలు వేయండి, అయితే పేర్లూ ఫోన్ నంబర్లూ కనిపించకుండా చూడండి. ఆయన వాట్సాప్‌లో పంపిన మాటల రికార్డులు మీ ఫోన్‌లోనో ఆయన ఫోన్‌లోనో ఉంటే ఇవాళే ఇంకొక చోట దాచండి. 120 రోజులు వాడని ఖాతాను వాట్సాప్ తొలగిస్తుంది, 90 రోజులు వాడని సిమ్ నంబరు రద్దయి వేరొకరి చేతికి వెళ్లవచ్చు. మీకు ఇప్పటికే ఏడాది కావస్తోంది.

మీ జాకెట్టు ఏమైందో మీరు రాయలేదు. "నీ ఇష్టం" అని మీరు ఫోన్ పెట్టేశాక కూడా ఆయన చేతుల పొడవు ఎంతో ఒకటి అనుకునే ఉంటారు, అనుకున్నది రాసుకునే అలవాటు ఉన్న మనిషి. పద్నాలుగో పుస్తకంలో చివరి పేజీలు తిప్పి, మీ పేరు ఎక్కడుందో చూడండి.