కోచ్ ‘ఫుల్’ అన్నారు, మెయిల్‌లో 70 శాతమే ఉంది: అమెరికా టెన్నిస్ స్కాలర్‌షిప్‌పై సంతకం చేయొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయికి 17 ఏళ్లు. హైదరాబాద్‌లో ఇంటర్ సెకండియర్ చదువుతోంది. చిన్నప్పటి నుంచీ టెన్నిస్ ఆడుతోంది. అమెరికా కాలేజీ ఆటల్లో అన్నింటికన్నా పై స్థాయి అయిన డివిజన్ వన్‌లో ఆడే ఒక యూనివర్సిటీ కోచ్ వీడియో కాల్‌లో ‘ఫుల్ స్కాలర్‌షిప్’ అన్నారు. తర్వాత వచ్చిన మెయిల్‌లో 70 శాతం అని ఉంది. ఆ కోచ్‌ను పరిచయం చేసిన కన్సల్టెంట్ ‘రెండు రోజుల్లో నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్‌పై సంతకం పెట్టకపోతే చాన్స్ పోతుంది’ అని తొందరపెడుతున్నారు. ఆయనకు ఇప్పటికే లక్షన్నర కట్టాం. మొదటి ఏడాది స్కాలర్‌షిప్‌లో 10 శాతం కూడా ఇవ్వాలని నాతో అగ్రిమెంట్ రాయించుకున్నారు. సంతకం పెట్టొచ్చా? గాయమైతే డబ్బు ఆపేస్తారా?
– ఒక తండ్రి, కూకట్‌పల్లి

జవాబు: ఇంకా సంతకం పెట్టలేదు కాబట్టి టెన్షన్ పడాల్సిన పని లేదు. ముందు ఆ 10 శాతం సంగతి చూద్దాం. మీరు మాటవరసకు చెప్పినట్టు రాశారు గానీ, అన్నింటికన్నా ప్రమాదం అందులోనే ఉంది.

అమెరికా కాలేజీ ఆటలను నడిపే ఎన్‌సీఏఏ నిబంధనల ప్రకారం, మీ అమ్మాయి మార్కులు, ఆట రికార్డు, వీడియోలు యూనివర్సిటీలకు పంపడానికి ఒక ఏజెంట్‌ను పెట్టుకోవడం తప్పు కాదు. అయితే ఆయన ఫీజు స్కాలర్‌షిప్ ఇప్పించడంతో ముడిపడి ఉండకూడదు. ‘స్కాలర్‌షిప్ వస్తే ఇంత శాతం’ అనే ఒప్పందం సరిగ్గా ఆ నిషేధంలోకే వస్తుంది. అది బయటపడితే కన్సల్టెంట్‌కు పోయేదేమీ లేదు, చిక్కుల్లో పడేది మీ అమ్మాయి అర్హతే. ఆటగాళ్ల అర్హతను తేల్చే ఎన్‌సీఏఏ ఎలిజిబిలిటీ సెంటర్‌లో రిజిస్టర్ అయ్యేటప్పుడు అమెచ్యూర్ హోదా (డబ్బు కోసం ఆడే ప్రొఫెషనల్ కాదన్న హోదా) గురించి చాలా ప్రశ్నలు అడుగుతారు. ఏజెంట్ల గురించి కూడా అడుగుతారు. అక్కడ నిజం దాచితే ఆ దాచడమే మరో తప్పుగా నిలుస్తుంది.

కాబట్టి పైసా ఇవ్వకముందే ఆ క్లాజును రద్దు చేసుకుంటున్నట్టు ఇద్దరి సంతకాలతో ఒక కాగితం రాయించండి. చేసిన పనికి ఇంత అని ఫిక్స్‌డ్ ఫీజు మాట్లాడుకోండి. అసలు అగ్రిమెంట్, రద్దు కాగితం రెండూ యూనివర్సిటీలో ఈ నిబంధనల అమలు చూసే కంప్లయన్స్ ఆఫీసుకు మీరే పంపి, ‘దీనివల్ల మా అమ్మాయి అర్హతకు ఇబ్బంది ఉందా?’ అని రాతపూర్వకంగా అడగండి. అమ్మాయి మైనర్ కాబట్టి ఆ అగ్రిమెంట్ చెల్లదనుకుంటే పొరపాటు. మైనర్ చేసిన ఒప్పందం చెల్లదని 1903లో మొహరీ బీబీ కేసులో ప్రివీ కౌన్సిల్ తేల్చిన మాట నిజమే, మన కోర్టులు నేటికీ దాన్నే పాటిస్తున్నాయి. కానీ మీ కాగితం మీద సంతకం అమ్మాయిది కాదు, మీది.

ఇక రెండు రోజుల గడువు. ఫలానా యూనివర్సిటీలోనే చేరతానని ఆటగాళ్లు రాసిచ్చే నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్ 1964లో మొదలైంది. దాని మీద సంతకం చేసి మాట తప్పితే ఒక సీజన్ ఆట పోగొట్టుకునే శిక్ష ఉండేది. 2024 అక్టోబరులో ఎన్‌సీఏఏ ఆ లెటర్‌నే ఎత్తేసింది. లేని కాగితం మీద రెండు రోజుల్లో సంతకం పెట్టమంటున్నారంటే మీ కన్సల్టెంట్ పాత నోట్సు చూసైనా మాట్లాడుతుండాలి, మిమ్మల్ని కంగారైనా పెడుతుండాలి. ఇప్పుడు చెల్లేది యూనివర్సిటీ ఇచ్చే ఫైనాన్షియల్ ఎయిడ్ అగ్రిమెంట్, అంటే స్కాలర్‌షిప్ ఒప్పందం ఒక్కటే. స్కూలు ఆఖరి సంవత్సరం ఆగస్టు 1 నుంచి రాతపూర్వక ఆఫర్ ఇవ్వొచ్చు. టెన్నిస్ లాంటి ఆటల్లో సంతకాలు నవంబరులో మొదలవుతాయి. మీ అమ్మాయి దాని మీద సంతకం చేశాక మిగతా యూనివర్సిటీల కోచ్‌లు ఆమెను తమవైపు లాక్కోవడానికి సంప్రదించకూడదు. అందాకా కోచ్ ఫోన్లో అన్నది, మెయిల్‌లో రాసింది, మీరు ‘సరే’ అన్నది ఏవీ ఎవరినీ కట్టిపడేయవు. మరో యూనివర్సిటీతో మాట్లాడుతుంటే నిశ్చింతగా మాట్లాడండి. సంతకానికి డబ్బు కట్టమని ఏ యూనివర్సిటీ అడగదు. ఎలిజిబిలిటీ సెంటర్ రిజిస్ట్రేషన్ ఫీజు ఉంటుంది, దాన్ని మీరే నేరుగా ఆన్‌లైన్‌లో కట్టొచ్చు.

‘ఫుల్’ కాస్తా 70 ఎలా అయిందంటారా? పాత పద్ధతిలో డివిజన్ వన్ మహిళల టెన్నిస్ జట్టుకు 8 స్కాలర్‌షిప్‌లు ఉండేవి, ఇస్తే పూర్తిగానే ఇవ్వాలి. మగపిల్లల జట్టుకు నాలుగున్నర, వాటిని ముక్కలు చేసి పంచేవారు. ‘అమ్మాయిలకు టెన్నిస్‌లో ఫుల్లే’ అనే మాట అప్పటిది. ఎన్‌సీఏఏ మీద కాలేజీ ఆటగాళ్లు వేసిన దావాలో కుదిరిన రాజీని (హౌస్ సెటిల్‌మెంట్) 2025 జూన్‌లో అమెరికా జడ్జి క్లాడియా విల్కెన్ ఆమోదించడంతో లెక్క మారింది. అందులో చేరిన యూనివర్సిటీలకు స్కాలర్‌షిప్‌ల సంఖ్య మీద పరిమితి పోయి, జట్టు సంఖ్య మీద పరిమితి వచ్చింది. టెన్నిస్‌కు అది 10 మంది. ఆ పదిమందికీ పూర్తిగా ఇవ్వొచ్చు, సగం ఇవ్వొచ్చు, అసలు ఇవ్వకపోనూ వచ్చు. కోచ్ అబద్ధం చెప్పారని అప్పుడే అనుకోవద్దు. 70 శాతం దేనిలో అన్నది మాత్రం తేల్చుకోవాల్సిందే. ట్యూషన్‌లోనా, హాస్టలు, భోజనం, పుస్తకాలు అన్నీ కలిపిన మొత్తంలోనా? ఏడాది ఖర్చు 60,000 డాలర్లు, అందులో ట్యూషన్ 40,000 అనుకుందాం. మొత్తంలో 70 శాతమైతే 42,000 వస్తుంది, ట్యూషన్‌లో అయితే 28,000. తేడా 14,000 డాలర్లు, అదీ ఒక్క ఏడాదికి. శాతం కాదు, డాలర్లలో అంకె రాసివ్వమనండి. మిగతా డబ్బు మీ దగ్గర ఉందని చూపిస్తేనే వీసాకు కావాల్సిన ఐ-20 పత్రాన్ని యూనివర్సిటీ ఇస్తుంది.

ఇంకో చిన్న ఖర్చు ఉంది, దీన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు. స్కాలర్‌షిప్‌లో ట్యూషన్, పుస్తకాల భాగానికి అమెరికాలో పన్ను లేదు. హాస్టలు, భోజనం భాగానికి ఉంది. ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద ఉన్నవారికి అందులో మామూలుగా 14 శాతం ముందే పట్టుకుంటారు. భారత్‌తో ఉన్న పన్ను ఒప్పందం ప్రకారం మన విద్యార్థులు స్టాండర్డ్ డిడక్షన్ (ఆదాయంలో పన్ను పడని నిర్ణీత మొత్తం) తీసుకోవచ్చు కాబట్టి రిటర్న్ వేస్తే చాలావరకు వెనక్కి రావచ్చు.

గాయం సంగతి. 2024 ఆగస్టు 1 నుంచి డివిజన్ వన్ అంతటా ఒక రక్షణ ఉంది: గాయమైందనో, ఫామ్ పోయిందనో స్కాలర్‌షిప్ తగ్గించకూడదు, రద్దు చేయకూడదు. ఆటలో అయిన గాయాల వైద్యాన్ని కాలేజీ వదిలాక కూడా కనీసం రెండేళ్లు చూసుకోవాలి. చదువులో వెనకబడి అర్హత పోయినా, దరఖాస్తులో తప్పుడు వివరాలు ఇచ్చినా, తీవ్రమైన క్రమశిక్షణ తప్పు చేసినా, తనంతట తాను జట్టు వదిలేసినా మాత్రం ఆపొచ్చు. తగ్గించినా ఆపినా అప్పీలు చేసుకునే అవకాశం ఇవ్వాలి, ఆ విచారణ జరిపేది కోచ్ విభాగం కాదు.

ఇక్కడ మీరు పట్టుబట్టాల్సింది కాలపరిమితి గురించి. అగ్రిమెంట్ ఒక్క ఏడాదికీ ఉండొచ్చు, నాలుగేళ్లకూ ఉండొచ్చు. ఒక్క ఏడాదిదైతే వచ్చే ఏడాది ఇస్తారో లేదో జూలై 1 లోపు రాతపూర్వకంగా చెప్పాలి. అప్పటికి ఆ కోచ్ అక్కడ ఉంటారన్న నమ్మకం లేదు. కోచ్ మారినా అగ్రిమెంట్ యూనివర్సిటీదే కాబట్టి గడువున్నంత కాలం నిలుస్తుంది. ఖర్చు తగ్గించుకోవడానికి టెన్నిస్ జట్లనే ఎత్తేసిన యూనివర్సిటీలూ ఉన్నాయి. నాలుగేళ్లకు రాసిస్తే 70 శాతమైనా నేను ఒప్పుకోమంటాను. ఏడాదికైతే నూరు శాతమన్నా కాస్త ఆలోచించమంటాను. మీ అమ్మాయి మైనర్ కాబట్టి ఆమెతోపాటు మీరూ చదివాకే సంతకం పెట్టండి.

‘అక్కడికెళ్లాక బ్రాండ్ ప్రమోషన్లతో లక్షలు వస్తాయి’ అని కూడా కన్సల్టెంట్ చెప్పి ఉంటే దాన్ని లెక్కలోంచి తీసేయండి. 2021 జూలై నుంచి కాలేజీ ఆటగాళ్లకు ఆ వెసులుబాటు వచ్చింది గానీ, ఎఫ్-1 వీసా మీద అనుమతి లేకుండా క్యాంపస్ బయట సంపాదిస్తే వీసాకే ఎసరు.

కట్టిన లక్షన్నరకు రసీదు, వాట్సాప్ మెసేజ్‌లు, బ్యాంకు స్టేట్‌మెంట్ జాగ్రత్త చేయండి. 10 శాతం క్లాజు తీసేయడానికి ఆయన ఒప్పుకోకపోతే లాయర్ నోటీసు ఇప్పించండి. లేని లెటర్ పేరు చెప్పి తొందరపెట్టడం, నిషిద్ధమైన ఫీజు రాయించుకోవడం సేవాలోపమని వాదించడానికి తగిన కారణాలే. వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద మీరు ఉండే జిల్లాలోని కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు, ఆన్‌లైన్‌లో కూడా. గడువు రెండేళ్లు.