మొదటి తక్‌పట్టీ దగ్గరే లెక్క ఎందుకు ఆగింది?

ప్రశ్న: ఎనుమాముల మార్కెట్‌లో అడ్తి (కమీషన్ వ్యాపారం) నడిపే మా మామయ్య కోసం పెర్ల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో లెక్కల ప్రోగ్రామ్ రాశాను సార్. తక్‌పట్టీలు (రైతు అమ్మిన సరుకు లెక్క చీటీలు) ఒక ఫైల్లో, పత్తి ధరలు ఇంకో ఫైల్లో. ధర చూసే కోడ్ వేరే ఫైల్లో పెట్టి, రిక్వైర్ అనే ఆదేశంతో ప్రోగ్రామ్‌లోకి తెచ్చుకున్నాను. మొదటి తక్‌పట్టీ లెక్క కరెక్టే, తర్వాత లూప్ ఆగిపోతోంది, ఎర్రర్ కూడా రావట్లేదు. తెరిచిన ఫైలుకు కోడ్‌లో పెట్టే పేరు, అదే హ్యాండిల్, రెండు చోట్లా ఎఫ్‌హెచ్. ఫైళ్లు వేరు కదా, ఎందుకు కలుస్తున్నాయి?
– ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: ఎఫ్‌హెచ్ లాంటి హ్యాండిల్‌ను పెర్ల్ ప్యాకేజీని (పేర్లను విడివిడిగా ఉంచే గదిని) బట్టి గుర్తు పెట్టుకుంటుంది, కోడ్ ఏ ఫైల్లో ఉందన్న దాన్ని బట్టి కాదు. మీ ధరల కోడ్ పైన ప్యాకేజీ లైను లేనట్టుంది. అలాంటప్పుడు అది, తనను రిక్వైర్ చేసిన ప్యాకేజీలోనే, అంటే మీ ప్రోగ్రామ్ ఉన్న మెయిన్ ప్యాకేజీలోనే కూర్చుంటుంది. మొదటి తక్‌పట్టీ చదివాక ధర కోసం అదే ఎఫ్‌హెచ్‌ను మళ్లీ ఓపెన్ చేశారు, దాంతో తక్‌పట్టీల ఫైలు చప్పుడు లేకుండా మూతపడింది, ధర చదివి క్లోజ్ చేసి వెనక్కి వచ్చేసరికి లూప్‌కు చదవడానికి ఏమీ మిగల్లేదు. హెచ్చరికలు చూపించే 'యూజ్ వార్నింగ్స్' లైను పెట్టి ఉంటే, మూసిన హ్యాండిల్ నుంచి చదువుతున్నారని అదే చెప్పేది.

ధరల కోడ్ పైన ప్యాకేజీ లైను పెట్టండి, అయితే అంతటితో వదిలేయకండి, టెస్టు రాయండి. తాత్కాలిక ఫైళ్లు చేసే ఫైల్::టెంప్ మాడ్యూల్‌తో రెండు చిన్న ఫైళ్లు చేసి, మెయిన్‌లో మొదటిదాన్ని తెరిచి ఒక్క లైను చదవండి, ధరల ప్యాకేజీలో రెండోదాన్ని తెరిచి చివరిదాకా చదివి మూసేయండి, మళ్లీ మెయిన్‌కు వచ్చి ఇంకో లైను చదవండి. అది మొదటి ఫైల్లోని రెండో లైనేనా అని, టెస్టుల మాడ్యూల్ టెస్ట్::మోర్‌లో రెండు విలువలను పోల్చే 'ఈజ్' ఫంక్షన్‌తో చూడాలి. ఒకదాని తర్వాత ఒకటి పూర్తిగా చదివితే తప్పు ఎప్పటికీ బయటపడదు, మధ్యలో ఆపి చదవడంలోనే ఉంది అసలు సంగతి. ఎస్‌టీడీఇన్, ఎస్‌టీడీఅవుట్, ఎస్‌టీడీఎర్ (ఇన్‌పుట్, అవుట్‌పుట్, ఎర్రర్‌ల కోసం పెర్ల్ ముందే ఇచ్చే హ్యాండిల్స్) మాత్రం ఏ ప్యాకేజీలో రాసినా మెయిన్‌వే, వాటిని ఈ టెస్టులోకి తేకండి.

కొత్త కోడ్‌కైతే 'ఓపెన్ మై డాలర్ ఎఫ్‌హెచ్' అనే పద్ధతే (హ్యాండిల్‌ను 'మై'తో ప్రకటించిన వేరియబుల్‌లో పెట్టడం) వాడండి, 2000లో వచ్చిన పెర్ల్ 5.6 నుంచి ఉంది. కాకపోతే ఆ మై‌ని ఫైలు పైభాగంలో రాస్తే కింద ఎన్ని ప్యాకేజీలు ఉన్నా అన్నింటికీ కనిపిస్తుంది, అందుకే ఫంక్షన్ లోపలే రాయాలి.

టెస్టు పాసయ్యాక ఆ ప్యాకేజీ లైను ముందు ఒక హ్యాష్ గుర్తు (#) పెట్టి, అంటే ఆ లైను పనిచేయకుండా చేసి, మళ్లీ నడపండి. అప్పుడు కచ్చితంగా ఫెయిల్ కావాలి. కాకపోతే రెండో లైను చదివే చోట ఏదో తప్పు రాశారు, ముందు అది సరిచేసి తర్వాతే మామయ్యకు ఇవ్వండి.