ఆ పుస్తకం ఏ పేజీ దగ్గర తెరుచుకుంటోంది?

ప్రశ్న: నా వయసు 31. ఎనిమిదేళ్లుగా ఒకే ఆఫీసులో అకౌంట్స్ చూస్తున్నాను. నెలనెలా రిపోర్టు తయారుచేసేది నేనే, పైవాళ్లకు చూపించేది మాత్రం మా టీమ్ లీడర్. కాలేజీలో ఉండగా చదివిన ఒక నవల అంటే నాకు ప్రాణం. పదిసార్లైనా చదివుంటాను. అందులో హీరోయిన్ ఉద్యోగం మానేసి, సొంతంగా పని పెట్టుకుని నిలదొక్కుకుంటుంది. నేనూ రాజీనామా లెటర్ టైప్ చేసి పెట్టుకున్నాను. ‘నవలలు చదివి ఎవరైనా ఉద్యోగాలు మానేస్తారా?’ అంటారు మా ఆయన. రోజూ ఇదే గొడవ. ఆ పుస్తకం కుట్టు కూడా వదులైపోయింది. ఎలా పట్టుకున్నా, ఆమె మీటింగ్‌లో లేచి ‘ఈ లెక్కలు నేను వేసినవి’ అనే పేజీ దగ్గరే తెరుచుకుంటోంది. నాది నిజంగా పిచ్చేనా?

జవాబు: పిచ్చేమీ కాదు. పదిసార్లు చదివిన పుస్తకం మనలో ఎంతో కొంత మిగలకుండా ఎలా ఉంటుంది? అయితే మీ ఉత్తరంలో నన్ను ఆపింది రాజీనామా సంగతి కాదు, చివర్లో మామూలుగా రాసేసిన ఆ పేజీ సంగతి.

ఒక్కసారి ఆలోచించండి. మీకు కావలసింది ఉద్యోగం మానేయడమే అయితే, ఆమె ఆఫీసు మెట్లు దిగి వెళ్లిపోయే పేజీ దగ్గర పుస్తకం తెరుచుకోవాలి. అక్కడ తెరుచుకోవడం లేదు. ఒక మనిషి లేచి నిలబడి, తన పని తనదని నలుగురిలో చెప్పుకున్న చోటునే ఇన్నేళ్లుగా మీ వేళ్లు వెతుక్కున్నాయి. ఇష్టమైన నవల చేసే మొదటి ఉపకారం ఇదే. మనకు ఎక్కడ నొప్పిగా ఉందో వేలు పెట్టి చూపిస్తుంది. మందు రాసివ్వమంటే మాత్రం అది దాని వల్ల అయ్యే పని కాదు.

పుస్తకాలతో మనసుకి వైద్యం చేయడాన్ని బిబ్లియోథెరపీ అంటారు. 1916లో శామ్యూల్ క్రోథర్స్ అనే అమెరికన్ రచయిత ఒక వ్యాసంలో కాస్త వెటకారంగానే వాడిన మాట అది. తర్వాత వైద్యులూ కౌన్సెలర్లూ దాన్ని సీరియస్‌గానే తీసుకున్నారు. మంచి సాహిత్యం కాసేపు చదివినా ఎదుటివాళ్ల మనసు అర్థం చేసుకునే శక్తి పెరుగుతుందని 2013లో ఒక ప్రయోగం తేల్చింది. అదే ప్రయోగం మళ్లీ చేసిన కొందరికి ఆ ఫలితం రాలేదు. అందుకే నా దగ్గరికి వచ్చేవాళ్లకు ఒకటే చెబుతాను: చదివినంత మాత్రాన మారిపోతామని అనుకోకండి, పుస్తకం మూశాక ఏం చేశారో చూసుకోండి.

ఆ నవల నేనూ చదివాను. మీ ఉత్తరం చూశాక మళ్లీ తీశాను. ఆ మీటింగ్‌కీ, ఆమె ఉద్యోగం మానేయడానికీ మధ్య దాదాపు తొంభై పేజీలున్నాయి. వాటి గురించి మీరు ఒక్క ముక్క రాయలేదు. నిజం చెప్పాలంటే నాకూ అవి గుర్తులేవు, కొంచెం విసుగ్గానే ఉంటాయి. ఆమె రాత్రిళ్లు కూర్చుని కొత్త పని నేర్చుకుంటుంది. మొదటి కస్టమర్‌కి అంచనా తప్పుగా వేసి, నష్టం తనే భరించి పని పూర్తిచేస్తుంది. తర్వాత ఇద్దరు కుదరదు పొమ్మంటారు. ఇంకొకరు పని చేయించుకుని డబ్బు కోసం తిప్పుతారు. ఇదంతా ఉద్యోగం చేస్తూనే. రాజీనామా కాగితం టేబుల్ మీద పెట్టే రోజుకి ఆమె చేతిలో నమ్మకమైన కస్టమర్లు ముగ్గురున్నారు. మనకి చప్పట్లు కొట్టాలనిపించే ఆ సీనుకి అంత ధైర్యం అక్కడి నుంచి వచ్చింది.

మీ చేతిలో ప్రస్తుతం ఉన్నది లెటర్ ఒక్కటే. దాని మీద సంతకం పెట్టకండి. చించెయ్యకండి కూడా, అలా ఉండనివ్వండి.

పదకొండోసారి చదివేటప్పుడు పెన్సిల్ పట్టుకోండి. ఆమె ఘాటుగా మాట్లాడిన చోట్లు వదిలెయ్యండి, అవి మీకు కంఠతా వచ్చి ఉంటాయి. ఆమె ఏదైనా నేర్చుకున్న చోట, తప్పు దిద్దుకున్న చోట, సిగ్గుపడకుండా ఒకరిని సాయం అడిగిన చోట గీత గీసి, పక్కన ‘ఇది నాకు వచ్చా?’ అని రాసుకోండి. సొంతంగా పని పెట్టుకోవాలంటే ఇంకా ఏం కావాలో ఆ అంచుల్లోనే తేలుతుంది.

ఇక ఆఫీసు. మీ టీమ్ లీడర్‌ని దొంగలా చూడనక్కర్లేదు. కొందరు కావాలని చేస్తారు, కొందరు అలవాటుకొద్దీ చేస్తారు. ఈయన ఏ రకమో మీరు నోరు విప్పితే గానీ తెలియదు. వచ్చే రిపోర్టు పంపేటప్పుడు మెయిల్‌లో ఒక వాక్యం కలపండి: ‘మూడో పేజీలో వచ్చిన తేడా గురించి మీటింగ్‌లో రెండు నిమిషాలు నేనే వివరిస్తాను.’ అనుమతి అడుగుతున్నట్టు రాయకండి. మీటింగ్‌లో రిపోర్టు ప్రస్తావన రాగానే మాట్లాడతానని ముందే నిర్ణయించుకోండి. ‘ఫలానా సందర్భం వస్తే ఫలానా పని చేస్తాను’ అని ముడిపెట్టుకోవడం ఉత్త సంకల్పం కంటే బాగా పనిచేస్తుందని పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వవేత్త 1999లో వివరంగా రాశారు. టెన్షన్ ఉంటుంది, గొంతు వణకొచ్చు. మొదటి వాక్యం కాగితం మీద రాసుకుని వెళ్లండి, చూసి చదివినా ఫర్వాలేదు. ఇలా మూడు నెలలు చేశాక కూడా మీ పేరు ఎక్కడా వినపడకపోతే అప్పుడు ఆ లెటర్ సంగతి మాట్లాడుకుందాం.

మీ ఆయన విషయంలో నాకు చిన్న అనుమానం. ఆయన పోట్లాడుతున్నది నవలతో కాదేమో. జీతం ఆగిపోతే ఎన్ని నెలలు నెట్టుకురాగలమన్న భయం అది కావచ్చు. ఆ లెక్క మీరిద్దరూ కూర్చుని వెయ్యండి. మీరు చేసే ఉద్యోగమే లెక్కలది కదా! ఇంకో సంగతి. ఎనిమిదేళ్లుగా ఆ రిపోర్టు ఎవరు చేస్తున్నారో, ఎవరు చూపిస్తున్నారో ఆయనకు ఎప్పుడైనా చెప్పారా? మీ ఉత్తరంలో ఆ జాడ లేదు. ఆయన చెవిన పడుతున్నది ‘మానేస్తాను’ అన్న మాట ఒక్కటే.

ఒక సాయంత్రం ఫోన్లు పక్కన పెట్టి, ఆ ఒక్క పేజీ ఆయనకు చదివి వినిపించండి. కథంతా చెప్పనక్కర్లేదు. చదవడం అయ్యాక, ‘మా ఆఫీసులో ఈ మాట నేను ఇంతవరకూ అనలేకపోయాను’ అని చెప్పండి. ఆయన ఏమన్నారో నాకు రాయండి.